వెళ్ళగలిగే చోటు

(తొమ్మిదో భాగం)

గుమ్మం బయట ఆ మగవాళ్ళ బూట్లు చూసి కోడలు మెట్ల మధ్యలో ఆగిపోయినప్పుడు కదూ మనం పోయిన వారం ఆమెను వదిలేసి వచ్చేశాం? పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఒక భుజాన పుస్తకాల సంచి, చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు. కాళ్ళు పైకి వెళ్ళనంటున్నాయి, కిందికి దిగనంటున్నాయి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ బూట్ల మనిషి ఒకప్పుడు ఆమె మొగుడు. పదకొండేళ్ళు కాపురం చేసి, ఒకరోజు "మనకి పడదు" అని తేల్చేసి, కోర్టులో సంతకాలు పెట్టించి, వేరే ఊరికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. అక్కడ తన ఆఫీసులోనే పనిచేసే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇంతవరకూ లోకంలో జరిగేదే. జరగనిదొకటి జరిగింది. అతని తల్లి, బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ, కొడుకు వెంట వెళ్ళలేదు. పెట్టె సర్దుకుని కోడలి వెనకాలే వచ్చేసింది. టైలరు షాపు మీద రెండు గదుల వాటా తీసుకుని ఇద్దరూ ఉంటున్నారు. కాగితాల ప్రకారం చూస్తే ఈవిడ అత్తా కాదు, ఆమె కోడలూ కాదు. వీధిలో ఎవరైనా "ఆవిడ మీకేమవుతారు?" అని అడిగితే కోడలు ఇప్పటికీ తడబడుతుంది. అత్తగారు మాత్రం తడుముకోదు. "అది నా స్టూడెంటు" అంటుంది.

అదీ అబద్ధం కాదు. కోడలు పొద్దుటి పూట కళ్ళద్దాల షాపులో పనిచేస్తూ, మధ్యాహ్నం యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్స్ చదువుతోంది. డిగ్రీ ఎప్పుడో అయిపోయింది. ఎకనామిక్స్ అంటే ధరలూ, బ్యాంకులూ, బడ్జెట్టూ అనుకుని చేరింది. తీరా వెళితే మొదటి వారమే బోర్డు నిండా గ్రీకు అక్షరాలు. క్లాసులో అందరికన్నా పెద్దది కావడంతో పిల్లలంతా "అక్కా" అంటారు. అక్కకేమో చెల్లెళ్ళకి తెలిసిన లెక్కలు కూడా రావు. మానేస్తానని ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుంటే అత్తగారు ఆ పుస్తకం తిరగేసింది. "ఓస్, దీనికా! ఇది అవకలనమే. కొండ ఎక్కుతున్నంతసేపూ వాలు ఉంటుంది, దిగుతున్నంతసేపూ వాలు ఉంటుంది. వాలు సున్నా అయినచోట శిఖరం. నీ కంపెనీవాడి లాభమైనా అంతే, నీ గ్రీకు అక్షరాలైనా అంతే. రా, కూర్చో" అంది. ఆ కూర్చోవడం కూర్చోవడం, వంటింటి బల్ల మీద ఒక సంవత్సరం చదువు గట్టెక్కింది. ఇప్పుడు రెండో సంవత్సరం. రేపు డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ నిలబడి, తను ఏ విషయం మీద థీసిస్ రాస్తుందో చెప్పుకోవాలి.

అదీ సంగతి. ఇక మెట్ల దగ్గరికి వద్దాం.

కింద షాపులో టైలరు మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సూదుల సందుల్లోంచే మాట్లాడడం ఆయనకి అలవాటు. "మీ చుట్టం వచ్చి చాలాసేపయిందమ్మా. పైనుంచి చప్పుడు లేదు. అరుచుకుంటే భయం లేదు గానీ, చప్పుడు లేకపోతేనే నాకు భయం" అన్నాడు.

కోడలికీ అదే భయం. కాకపోతే ఆమె భయం ఆ మధ్యాహ్నమే క్లాసులో పుట్టింది. మైక్రో ఎకనామిక్స్ చెప్పే మేడమ్ కొత్త పాఠం మొదలుపెట్టింది. "ఇన్నాళ్ళూ ఇల్లంటే ఒకే మనిషి అన్నట్టు లెక్కలు కట్టాం. ఒకటే కోరిక, ఒకటే పర్సు. మీ ఇళ్ళల్లో అలాగే ఉంటుందా?" అని అడిగితే క్లాసంతా గొల్లుమంది. "ఉండదు కదా! ఇల్లంటే రోజూ జరిగే బేరం. ఆ బేరంలో ఎవరి మాట చెల్లుతుంది? గట్టిగా అరిచేవాళ్ళదా? కాదు. కుదరదంటే లేచి వెళ్ళిపోవడానికి చోటున్నవాళ్ళది. మీరు పక్క కొట్టుకి అడుగు తీస్తేనే కదా కొట్టువాడు 'రండి రండి' అని వెనక్కి పిలిచేది!"

పక్కన కూర్చున్న పిల్ల చకచకా రాసుకుంటోంది. కోడలి పెన్ను మాత్రం ఆగిపోయింది. మొదటి సెమిస్టర్లో ఇదే మేడమ్ ఇంకో మాట చెప్పింది. మనుషులకి ఏది ఇష్టమో వాళ్ళు ఎంచుకున్నదాన్ని బట్టి తెలుస్తుందని. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "క్యాంటీన్లో ఒకటే కూర వండుతారు మేడమ్. రోజూ తింటున్నాం కాబట్టి అది మాకిష్టమని రాసేసుకుంటారా?" అన్నాడు. మేడమ్ నవ్వలేదు. "రాయకూడదు. ఒకటే ఉంటే దాన్ని ఎంపిక అనరు, గతి అంటారు. గతిలేక తిన్నదాన్ని ఇష్టంగా తిన్నట్టు ఎక్కడా రాయకండి" అంది.

రెండు పాఠాలూ ఇవాళ ఒకదానికొకటి తగులుకున్నాయి. అత్తయ్య తన దగ్గర ఎందుకుంది? కోర్టు వరండాలో ఆ రోజు చెయ్యి పట్టుకుని ఏమంది? "వాడు నన్ను రమ్మనలేదే అమ్మాయ్. నాకిక నువ్వే దిక్కు. ఓ మూల పడుంటాను, ఉంచుకో" అంది. అంటే గతిలేకే కదా! మరి ఇవాళ గతి ఉన్నట్టుంది. బూట్లు వేసుకుని మరీ వచ్చింది.

తలుపు తీసే ఉంది.

అతను ఆమె చదువుకునే కుర్చీలోనే కూర్చున్నాడు. జుట్టు కాస్త వెనక్కి జరిగింది, పొట్ట కాస్త ముందుకి జరిగింది. బల్ల మీద ఆపిల్ పళ్ళ సంచి. ఎదురుగా అత్తగారు ముక్కు చివరికి కళ్ళజోడు దించుకుని, ఎర్ర పెన్నుతో కాగితాలు దిద్దుతోంది. తలెత్తకుండానే అంది:

"మూడో లెక్కలో గుర్తు తప్పావు. అక్కడ మైనస్ రావాలి. చేతులు కడుక్కురా."

"బాగున్నావా?" అన్నాడతను.

"ఆఁ." అతన్ని 'మీరు' అనాలో 'నువ్వు' అనాలో ఆమెకి ఇంకా తేలలేదు. అందుకని రెండూ లేని మాట వెతుక్కుంది. "ఎప్పుడు రావడం?"

"మధ్యాహ్నం. అమ్మని తీసుకెళ్దామని." అతను ఆపిల్ సంచిని అటూ ఇటూ జరిపాడు. "తనకి ఏడో నెల. బీపీ ఎక్కువగా ఉందని డాక్టరు పూర్తిగా రెస్టు తీసుకోమంది. తనకి అమ్మ లేదు. నేను పొద్దున వెళితే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. అమ్మ ఉంటే ధైర్యంగా ఉంటుంది."

ఏడో నెల. పదకొండేళ్ళలో తన గురించి ఎవరికీ ఆ మాట అనే అవసరం రాలేదు. ఎదురుగా ఎర్ర పెన్ను కాగితం మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"కాఫీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాలు పొయ్యి మీద పెట్టి గోడకి ఆనుకుంది. ఏ హక్కుతో ఆపుతుంది? ఏమవుతుందని ఆపుతుంది? తల్లిని కొడుకు పిలుస్తున్నాడు. పుట్టబోయేది ఆవిడ మనవడో, మనవరాలో. ఇక్కడేముంది ఆవిడకి? రెండు గదులూ, కింద మిషను చప్పుడూ, గుర్తులు తప్పేసే ఒక స్టూడెంటూ. పాలు పొంగి పొయ్యి చుట్టూ కారేదాకా ఆమె చూసుకోలేదు.

కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, ఆమె అనేసింది.

"వెళ్ళండి అత్తయ్యా."

అత్తగారు పెన్ను మూత పెట్టింది. మెల్లగా, టక్కుమనేదాకా నొక్కి పెట్టింది. "ఈ మాట నీదా, మీ మేడమ్‌దా?"

"నాదే. ఇన్నాళ్ళూ వెళ్ళడానికి వేరే చోటు లేక ఇక్కడ సర్దుకున్నారు. నాకు తెలీదనుకున్నారా? ఇప్పుడు మీ కొడుకే వచ్చి పిలుస్తున్నాడు. నా కోసం ఆగిపోతే..."

"ఇప్పుడు పిలవడమేంటి?" అన్నాడతను. చేతిలో గ్లాసు ఒలికి చొక్కా మీద పడినా చూసుకోలేదు. "కోర్టులోంచి బయటికొచ్చిన రోజే పిలిచాను. అమ్మకని ఒక గది విడిగా సర్ది పెట్టాను. ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. ఇంతకీ పంపించనిది నువ్వేననుకుంటున్నాను నేను!"

"నేనా?"

"మరి? ఆ అమ్మాయి ఒప్పుకోదురా, ఒప్పుకోదురా అంటుందిగా అమ్మ!"

కింద టైలరు మిషను ఒక్కటే టకటకలాడుతోంది. కోడలు అత్తగారి వంక చూసింది. జీవితమంతా తప్పులు పట్టిన మనిషి. ఇవాళ తనే దొరికిపోయింది. కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఎంత తుడిచినా ఆ మసక పోయేలా లేదు.

చివరికి కొడుకుతో అంది, "ఒరేయ్, నువ్వు కాసేపు బాల్కనీలో నిలబడి ఆ కాఫీ తాగు."

"అమ్మా, నేను కూడా..."

"నిలబడమన్నాను."

అతను గోడకుర్చీ వెయ్యమన్న పిల్లాడిలా లేచి బాల్కనీలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి లాక్కున్నాడు.

"ఎందుకు అబద్ధం చెప్పారు?" అంది కోడలు. కోపమో, ఏడుపో ఆమెకే తెలియలేదు. "దిక్కు లేదన్నారు. నేను నమ్మాను. మీ కోసమని..."

"నా కోసమనే కదా లేచావు!" అంది అత్తగారు. "అప్పుడు నువ్వెలా ఉన్నావో నీకు గుర్తులేదు. నాకు గుర్తుంది. మీ అన్నయ్య వచ్చి మా ఇంటికి రమ్మంటే తలూపావు. మీ వదిన ఇప్పుడే వద్దంటే దానికీ తలూపావు. లాయరు ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం పెట్టావు. అలాంటప్పుడు నేనొచ్చి 'నిన్ను చూసుకుంటాను' అంటే ఏం చేసేదానివి? దానికీ తలూపి, అటు తిరిగి పడుకునేదానివి. అందుకని 'నన్ను చూసుకో' అన్నాను. మర్నాడు పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించావు."

కోడలు కుర్చీ పట్టుకుని నిలబడి వింటోంది.

"ఇంకోటి కూడా ఉంది. నీకు పాఠం చెప్పడానికి నేను ముందే చదువుకుంటానుగా, ఇవాళ్టి పాఠం నిన్ననే చదివాను. మీ మేడమ్ చెప్పింది నిజమే. వెళ్ళడానికి చోటున్నవాళ్ళ మాటే చెల్లుతుంది. ఆ ముక్క పుస్తకంలో అలా ఉంటుందని నాకప్పుడు తెలీదు, కానీ మనిషికి తెలుస్తుందిగా. ఆ ఇంట్లో నీ మాట చెల్లడం నేను ఒక్కనాడూ చూళ్ళేదు. కర్టెన్ల రంగు కూడా వాడే చెప్పేవాడు. ఈ ఇంట్లోనైనా చెల్లాలనుకున్నాను. నాకు వేరే చోటుందని తెలిస్తే ఏం చేసేదానివి? ఎక్కడ అలిగి వెళ్ళిపోతానోనని ప్రతిదానికీ నా మొహం చూసేదానివి. అందుకే చోటు లేదన్నాను. అంతే, ఇంటికి పెద్దవి నువ్వయ్యావు." అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది. "నువ్వు చదువుకుంటానని నన్ను అడగలేదు, తెలుసా? చెప్పావు. 'అత్తయ్యా, నేను ఎమ్మేలో చేరుతున్నాను' అని చెప్పావు. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోజే దొరికిపోయేదాన్ని."

కోడలు కుర్చీలో కూలబడింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తన మొగుడు వెళ్ళిపోయినప్పుడు కూడా ఇంత ధారాళంగా ఏడవలేదు. అత్తగారు లేచొచ్చి వీపు మీద చెయ్యి వేసింది. ఓదార్పు మాటలు ఆవిడకి చేతకావు. వీపు మీద వేళ్ళతో తట్టుకుంటూ నిలబడింది.

"అయితే మీరు ఇష్టపడే ఉన్నారా ఇక్కడ?" అంది కోడలు చేతుల్లోంచే.

"గతిలేక ఎవరు చెప్తారే నీకు ఆ రిగ్రెషను లెక్కలు?"

ఏడుపు మధ్యలోనే కోడలికి నవ్వొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళుగా మారాయి. అత్తగారు నీళ్ళు తెచ్చిచ్చింది.

"రేపు టాపిక్ మార్చేస్తాను అత్తయ్యా."

"వానలూ కూరగాయల ధరలూ అన్నావు కదే! శుభ్రంగా డేటా దొరుకుతోందన్నావు."

"వద్దు. వెళ్ళడానికి చోటుండీ వెళ్ళనివాళ్ళ గురించి రాస్తాను. మా పుస్తకంలో వాళ్ళ గురించి సరిగ్గా లేదు."

"డేటా ఎక్కణ్ణించి తెస్తావు?"

"మీరున్నారుగా."

"ఒక్క మనిషిని పెట్టుకుని రిగ్రెషన్ వేస్తావా? ఇదేనా ఏడాదిగా నేను నేర్పింది? బుద్ధిగా ఓ నాలుగు వీధులు తిరిగి నాలుగొందల మందిని అడుగు." తిట్టేసి, అత్తగారు ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆవిడ గొంతు మారింది. "సరే. ఇప్పుడు చెప్పు. వాడు బాల్కనీలో నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళనా, ఉండనా? ఇల్లు నీది. మాట నీది."

వెళ్ళండి అనడం తేలిక. అది ఇందాకే అనేసింది. ఎదుటి మనిషికి ఏది కావాలో అదే తనకీ కావాలన్నట్టు మాట్లాడడం ఆమెకి చిన్నప్పట్నుంచీ వచ్చిన విద్య. నాకు ఇది కావాలి అనడమే రాదు. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

"ఉండండి" అంది. అంత చిన్న మాటకి ఆయాసం వచ్చింది. "నాకు మీరు కావాలి. ఉండండి."

"అలాగేనండీ" అంది అత్తగారు, హెడ్మాస్టరు ముందు నిలబడిన కొత్త టీచరులా. అని, మొహం పక్కకి తిప్పుకుంది. "ఆ అమ్మాయి కానుపుకి మాత్రం వెళ్ళి నాలుగు రోజులు ఉండొస్తాను. తల్లి లేని పిల్ల. అదీ నువ్వు పంపిస్తేనే."

"నేనే దింపి వస్తాను."

బాల్కనీ తలుపు తీసి కొడుక్కి సంగతి చెప్పింది అత్తగారే. అతను అరుస్తాడని కోడలు ఎదురు చూసింది. అరవలేదు. ఆపిల్ సంచిని బల్ల మీద నుంచి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ కోడలితో, తల్లికి వినపడకుండా అన్నాడు.

"తను కూడా వచ్చింది. కింద కార్లో ఉంది, పైకి రమ్మంటే రానంది. ఇంతదూరం ప్రయాణం వద్దంటే వినలేదు. అమ్మ వచ్చినా రాకపోయినా, నీతో ఒక్క మాట మాట్లాడాలంది."

"నాతోనా? అత్తయ్యతో అయ్యుంటుంది."

"నేనూ అదే అన్నాను. కాదు, నీతోనే అంది."

కారు వీధికి అవతల, మూసేసిన చెప్పుల షాపు ముందు ఆగి ఉంది. సాయంత్రపు ఎండ అద్దాల మీద పడి లోపలి మనిషి కనపడలేదు. వీళ్ళు దగ్గరికి వస్తుంటే వెనక తలుపు తెరుచుకుంది. ముందు రెండు కాళ్ళు బయటికొచ్చాయి, చెప్పుల్లేకుండా, వాచిపోయి. తర్వాత తలుపు పట్టుకుని ఆ అమ్మాయి లేచి నిలబడింది. కోడలు ఇన్నాళ్ళూ మనసులో ఎన్ని రకాలుగానో ఊహించుకున్న మనిషి. ఒక్క ఊహకీ సరిపోలేదు. క్లాసులో తన పక్కన కూర్చునే పిల్ల కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. కళ్ళ కింద నల్లటి చారలు.

"దాహంగా ఉందండీ, మంచినీళ్ళ సీసా తెస్తారా?" అని మొగుణ్ణి వీధి చివరి కొట్టుకి పంపించింది. అతను నాలుగడుగులు వేసేదాకా ఆగి, కోడలి వైపు తిరిగింది. ఏమని పిలవాలో తెలియక పెదాలు తడుపుకుంది.

"అత్తయ్యగారు వస్తానన్నారా?"

"లేదు. ఇక్కడే ఉంటానన్నారు. కానీ నీ కానుపుకి..."

"హమ్మయ్య" అంది ఆ అమ్మాయి. కారుకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

కోడలు తెల్లబోయింది. "ఆవిడ రావాలనే కదా ఇంతదూరం వచ్చారు?"

"ఆయన వచ్చారు. నేను అందుకు రాలేదు." మాటలు గబగబా వచ్చేస్తున్నాయి, కళ్ళు మాత్రం వీధి చివరే ఉన్నాయి. "ఆయన చెడ్డవారు కాదండీ. మీకు తెలుసుగా. చెయ్యెత్తరు, కేకలెయ్యరు. పోయిన నెల నా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశారు. నాది. ఆయనే రాసి, ఆయనే ఇచ్చి, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పారు. రెస్టు తీసుకోమన్నారుగా డాక్టరు, అందుకని అన్నారు. మంచికే చేశారు. అన్నీ మంచికే చేస్తారు. నేను ఏడుస్తుంటే ఎందుకు ఏడుస్తున్నావని నిజంగానే తెలియక అడిగారు."

కోడలికి తెలుసు. ఆ అడగడం ఎలా ఉంటుందో, ఆ మొహం ఎలా ఉంటుందో, అన్నీ తెలుసు.

వీధి చివర అతను నీళ్ళ సీసా కొని, చిల్లర తీసుకుని, వెనక్కి తిరిగాడు.

"డిక్కీలో నా పెట్టె ఉంది. అత్తయ్యగారికి బట్టలు తెచ్చాననుకుంటున్నారు ఆయన." ఆ అమ్మాయి కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నేను ఈ కారు మళ్ళీ ఎక్కదలచుకోలేదండీ. అత్తయ్యగారు ఇక్కడే ఉంటే నాకూ ఓ చోటుంటుందనుకున్నాను. నన్ను పైకి తీసుకెళతారా?"

పైన బాల్కనీలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్! ఏమంటోందే?"

అతను రోడ్డు దాటుతున్నాడు.